మామయ్యగారి కంప్యూటర్‌కి ఫ్రీ యాంటీవైరస్: ఏవేవో వేసి తీసి, చివరికి ఏది ఉంచానంటే

ముందే చెప్పేస్తున్నా, చదివే ఓపిక లేనివాళ్ల కోసం. విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్ చాలు. కాకపోతే అది నిజంగా పనిచేస్తోందో లేదో ఒకసారి చూసుకోండి, ఎందుకంటే మా ఇంట్లో అది ఆరు నెలలు పచ్చ టిక్కు పెట్టుకుని కూర్చుంది, చేసిన పని మాత్రం సున్నా. తప్పు దానిది కాదు, ఎవరిదో తర్వాత చెప్తా.

మాది చెన్నైలో పెరంబూర్. ఇంట్లో ఉన్నది ఒకే డెస్క్‌టాప్, పాత ఐ3, విండోస్ 10, హాల్లో టీవీ పక్కన. మామయ్యగారు దాంట్లో ప్రవచనాలు వింటారు, బ్యాంకు ఎఫ్‌డీలు చూసుకుంటారు, తిరుమల దర్శనం టికెట్లు వదిలే రోజున పొద్దున్నే స్నానం చేసి మరీ దాని ముందు కూర్చుంటారు. సాయంత్రం నుంచి మా వాడి గేమ్‌లు. ఒకరోజు నేను ఆఫీసులో ఉండగా ఫోన్ వచ్చింది. "అమ్మాయ్, స్క్రీన్ మీద ఎర్రగా ఏదో వచ్చింది, 5 వైరస్‌లు ఉన్నాయంటోంది, ముట్టుకోవాలంటే భయంగా ఉంది" అన్నారు. నాకూ టెన్షన్ వచ్చి, మా వాడికి ఫోన్ చేసి ఏదో ఒక ఫ్రీ యాంటీవైరస్ వెంటనే వేసెయ్యమన్నాను. అదే నా మొదటి తప్పు.

ఇంటికొచ్చి చూస్తే అది వైరసే కాదు. ఏదో సీరియల్ సైట్‌లో 'అలౌ' అని అడిగితే ఆయన నొక్కేశారు, అప్పటినుంచి ఆ సైట్ క్రోమ్ నోటిఫికేషన్ల రూపంలో స్క్రీన్ కింద కుడి మూలన ఈ బెదిరింపులు పంపిస్తోంది. దీనికి యాంటీవైరస్ అక్కర్లేదు, క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి ఆ సైట్‌ని తీసేస్తే అయిపోయింది. రెండు నిమిషాల పని. మీ ఇంట్లో పెద్దవాళ్లు 'వైరస్ వచ్చింది' అంటే ముందు ఇక్కడ చూడండి.

ఇక మా వాడు వేసిన ఫ్రీ యాంటీవైరస్. పేరు రాయను, పేరున్నదే. వైరస్ మాటేమో గానీ అది చేసిన గోల అంతా ఇంతా కాదు. 'మీ ఐపీ అడ్రస్ అందరికీ కనిపిస్తోంది', 'ఇన్ని జీబీల చెత్త పేరుకుపోయింది, శుభ్రం చెయ్యాలా' అంటూ గంటకోసారి ఒక డబ్బా ఎగిరొచ్చేది. అందులో 'చెయ్యి' అన్నది పెద్ద పచ్చ బటన్, 'వద్దు' అన్నది ఎక్కడో బూడిద రంగులో చీమ తలకాయంత. మామయ్యగారు పెద్దదే నొక్కుతారు కదా, తిన్నగా కార్డు వివరాలు అడిగే పేజీకి వెళ్లేది. "వెయ్యి రూపాయలు పైన అడుగుతోంది, కట్టేయమంటావా?" అని కార్డు చేత్తో పట్టుకుని నిలబడ్డారు ఒకసారి. బయట ఉన్న వైరస్‌కి మేము ఒక్క పైసా పోగొట్టుకోలేదు, కాపలాకి పెట్టుకున్నది మాత్రం జేబులో చెయ్యి పెట్టబోయింది. నెల తిరక్కుండా తీసేశాను.

అప్పుడు కాస్త చదివాను. ఫ్రీగా ఇచ్చేవాళ్లు ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి కదా. అవాస్ట్ సంగతి అందరికీ తెలిసిందే (మేము వేసింది ఇదీ కాదు, కింద చెప్పేవీ కావు). తన అనుబంధ సంస్థ జంప్‌షాట్ ద్వారా యూజర్లు ఏ సైట్లు చూస్తున్నారో ఆ వివరాలు అమ్మిందని బయటపడి, 2020 జనవరిలో ఆ సంస్థను మూసేసింది. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ వ్యవహారంలో 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. పోనీ ఏవీజీ వేసుకుందామా అంటే దాన్ని అవాస్ట్ 2016లోనే కొనేసింది. నార్టన్, అవిరా కూడా ఇప్పుడు అదే గొడుగు కింద ఉన్నాయి, కంపెనీ పేరు జెన్ డిజిటల్. అంటే బజార్లో నాలుగు పేర్లు కనిపిస్తాయి, గల్లాపెట్టె ఒకటే. ఇప్పుడు వాళ్లు అలా అమ్ముతున్నారని నేను అనడం లేదు, నాకు మాత్రం మనసు ఒప్పలేదు.

రొమేనియా వాళ్ల బిట్‌డిఫెండర్ ఫ్రీ వేళచేరిలో మా అక్క లాప్‌టాప్‌లో ఉంది. ఈమెయిల్‌తో ఖాతా తెరవాలి, అంతే, ఆ తర్వాత పెద్దగా నోరెత్తదు. డిఫెండర్ వద్దనుకునేవాళ్లకి నేను చెప్పేది ఇదొక్కటే. కే7 మన చెన్నై కంపెనీయే, 1991 నుంచి ఉంది, కానీ ట్రయల్ అయ్యాక డబ్బు కట్టాలి కాబట్టి ఈ లెక్కలోకి రాదు. మాల్‌వేర్‌బైట్స్ ఫ్రీ వేరే రకం. మొదటి 14 రోజుల ట్రయల్ అయ్యాక అది ఎప్పుడూ కాపలా కాయదు, మనం స్కాన్ నొక్కినప్పుడే చూస్తుంది. రెండో డాక్టరుకి చూపించుకున్నట్టు అనుకోండి. అసలు కథ దాంతోనే బయటపడింది.

ఒక ఆదివారం ఊరికే అది వేసి స్కాన్ నొక్కి వంటింట్లోకి వెళ్లాను, పప్పు దించి వచ్చేసరికి ఏడు ప్రమాదకరమైన ఫైళ్లు పట్టింది. ఏడూ ఆఫీస్ సాఫ్ట్‌వేర్ క్రాక్ (డబ్బు కట్టకుండా వాడుకోవడానికి వేసే దొంగ ప్రోగ్రామ్) చుట్టూ ఉన్నవే. ఐపీ అడ్రస్ గురించి అంత అరిచిన పెద్దమనిషి వీటి గురించి ఒక్క ముక్క అనలేదు. సరే, దాన్ని తీసేశాక డిఫెండర్ దానంతట అదే ఆన్ అయింది కదా, మరి అదెందుకు మాట్లాడలేదు?

పరీక్షించడానికి ఐకార్ టెస్ట్ ఫైల్ అని ఒకటుంది. వైరస్ కాదు, 68 అక్షరాల ఒక లైను, ఏ హానీ చెయ్యదు, కానీ యాంటీవైరస్ కంపెనీలన్నీ దాన్ని వైరస్ లాగే పట్టుకోవాలని ఒప్పందం. ఆ లైను నోట్‌ప్యాడ్‌లో పెట్టి సేవ్ చేశాను. మామూలుగా అయితే ఫైల్ క్షణాల్లో మాయమవ్వాలి. డెస్క్‌టాప్ మీద హాయిగా కూర్చుంది. పక్కన డిఫెండర్ పచ్చ టిక్కు.

విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్, అన్నిటికన్నా కింద ఎక్స్‌క్లూజన్స్ (డిఫెండర్ చూడకుండా వదిలెయ్యాల్సిన వాటి లిస్టు) చూస్తే అక్కడ ఒకే ఒక్క లైను ఉంది. సీ డ్రైవ్. మొత్తం డ్రైవే! అంటే ఇల్లంతా వదిలేసి వీధి గేటు ఒక్కటి చూసుకో అని వాచ్‌మన్‌కి చెప్పినట్టు. ఆరు నెలల కింద రిచీ స్ట్రీట్‌లో ఒక కొట్టులో ఎస్ఎస్‌డీ (పాత హార్డ్ డిస్క్ బదులు వేసే వేగమైన డిస్క్) వేయించి విండోస్ మళ్లీ ఎక్కించుకున్నాం, ఆఫీస్ కూడా 'ఫ్రీగా' వేసిచ్చారు. ఆ క్రాక్‌ని డిఫెండర్ పట్టేస్తుందని ఈ పని చేశారన్నమాట. వెళ్లి అడిగితే "ఒన్నుమిల్లె (ఏం లేదు) మేడమ్, అందరికీ ఇలాగే చేస్తాం" అన్నాడు ఆ అబ్బాయి, చేతిలో స్క్రూడ్రైవర్ కూడా కింద పెట్టకుండా. అందరికీనట! ఎస్ఎస్‌డీ పని బాగానే చేశారు, రేటూ సరిగ్గానే తీసుకున్నారు, అందుకే కొట్టు పేరు రాయడం లేదు గానీ, బయట విండోస్ వేయించుకున్న వాళ్లు ఎవరైనా సరే ఇవాళే ఆ లిస్టు చూసుకోండి.

ఆ లైను తీసేసి, క్రాక్ పీకేసి, నిజంగానే ఫ్రీగా దొరికే లిబ్రేఆఫీస్ వేశాను. డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టాను (మెషీన్ రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే వెతుకుతుంది, పావుగంట పట్టింది). బ్యాంకు పాస్‌వర్డ్‌లన్నీ నా ఫోన్ నుంచి మార్చాం. ఈసారి టెస్ట్ ఫైల్ సేవ్ చేసీ చెయ్యగానే ఎగిరిపోయింది. మరుసటి వారం మా వాడు హాల్ టికెట్ ప్రింట్ తీయడానికి జిరాక్స్ షాపుకి పట్టుకెళ్లిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయి వచ్చాయి, ఆ పాత జబ్బు ఇంకా పోలేదు. పెన్‌డ్రైవ్ పెట్టి స్కాన్ చేస్తే డిఫెండర్ చక్కగా పట్టింది. అసలు ఫైళ్లు ఎక్కడికీ పోవు, దాచేసి ఉంటాయంతే, కంగారుపడి ఫార్మాట్ కొట్టకండి.

లోటు ఏమీ లేదా అంటే ఉంది. ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) నుంచి ఫోల్డర్లను కాపాడే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ డిఫెండర్‌లో ఆఫ్‌లోనే వస్తుంది, మనమే ఆన్ చేసుకోవాలి, చేశాక కొన్ని మంచి ప్రోగ్రామ్‌లను కూడా ఆపుతుంది, ఒక్కోదాన్నీ అనుమతించుకుంటూ పోవాలి. ఇంకొకటి, విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. డిఫెండర్‌కి వైరస్ గుర్తుల అప్‌డేట్లు మాత్రం 2028 అక్టోబర్ దాకా ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. తలుపుకి తాళం కొత్తదే, గోడలో కన్నం పడితే పూడ్చేవాళ్లు లేరు. అందుకే మేము 2026 అక్టోబర్ దాకా వచ్చే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకి నమోదు చేసుకున్నాం, ఆలోపు మెషీన్ మార్చాలి, మామయ్యగారిని ఒప్పించాలి, అది వేరే యుద్ధం.

బాట్‌లు (మన మెషీన్‌ని దూరం నుంచి వేరేవాళ్లు ఆడించేలా చేసే దొంగ ప్రోగ్రామ్‌లు) తీసేసే టూల్స్ ఫ్రీగా కావాలంటే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ వాళ్ల సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్ ఉంది, 2017 నుంచి నడుస్తోంది. ఎవరైనా బెదిరిపోయి డబ్బు కట్టేసి ఉంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. దానికి ఏ యాంటీవైరసూ పనికిరాదు.

అన్నట్టు, మామయ్యగారికీ మా వాడికీ స్టాండర్డ్ అకౌంట్లు చేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ నా దగ్గరే పెట్టుకున్నాను. నిన్న రాత్రి మా వాడు వచ్చి "అమ్మా, ఒక్క నిమిషం పాస్‌వర్డ్ కొట్టవా, గేమ్ ఇన్‌స్టాల్ చెయ్యాలి" అన్నాడు. ఆ గేమ్‌తో వచ్చిన రీడ్‌మీ ఫైల్ తెరిపించాను. మొదటి లైనే, యాంటీవైరస్ ఆపేసి మొదలుపెట్టండి అని.