స్టవ్ పైపు అతుకులకు ఫర్నేస్ సిమెంట్: కొన్ని చలికాలాలు వాడాక

అమెరికాలోని న్యూ హ్యాంప్‌షైర్‌లో మా ఇంట్లో కట్టెల స్టవ్ ఉంది. మంచు తుఫానుకి కరెంటు పోతే మాకు అదే దిక్కు. దాని పైపు అతుకులకు పూసే నల్ల ఫర్నేస్ సిమెంట్ గురించే ఈ సమీక్ష. ఎలా పూయాలో ట్యూబు మీదే ఉంటుంది కాబట్టి అది వదిలేస్తున్నా.

నా కోపమంతా ఒక్కదాని మీదే: ఇది పైపుతో పాటు కదలదు.

మొదటి చలికాలం అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ దీన్నే కొనమని చెప్పాను. ఆ మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. వెయ్యి డిగ్రీల సెల్సియస్ వేడినైనా తట్టుకునే సరుకు ఇది. అతుకులకు పూసే ఎర్ర సిలికాన్ అయితే 300 దగ్గరే చేతులెత్తేస్తుంది. స్టవ్‌కి పైపు కలిసే కాలర్ దగ్గర పూసింది ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

బాధంతా పైన ఎల్బో దగ్గరే, అంటే పైపు వంపు తిరిగే చోట. మేము రాత్రింబవళ్లు మంట పెట్టం. సాయంత్రం వెలిగిస్తే తెల్లారేసరికి చల్లారిపోతుంది. మీటరు పొడవు ఉక్కు పైపు 200 డిగ్రీలు వేడెక్కితే రెండు మిల్లీమీటర్లకు పైనే సాగుతుంది, చల్లారితే మళ్లీ ముడుచుకుంటుంది. రోజూ ఇదే తంతు. ఎండిన సిమెంటుకు సాగే గుణం లేదు కదా. ముందు సన్నటి బీట పడుతుంది, తర్వాత పెచ్చు లేస్తుంది. జనవరి వచ్చేసరికి స్టవ్ మీద నల్లటి పలుకులు. వాటిని తుడవలేక మా ఆవిడ విసిగిపోయింది.

ఒక ఫిబ్రవరి రాత్రి ఆ బీటలోంచి పొగ వచ్చింది. సన్నగా, నీలంగా. కాసేపటికే కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది. పిల్లల్ని దుప్పట్లతో సహా ఎత్తుకుని బయటికొచ్చేశాం. ఫైర్ వాళ్లు వచ్చి, గదిగదికీ మీటరు పెట్టి చూసి, అంతా సరిగ్గా ఉందన్నాకే లోపలికి పంపారు. ఆ రాత్రి టెన్షన్ నాకు ఇంకా గుర్తే.

మర్నాడు చిమ్నీ శుభ్రం చేసే ఆయన పైకప్పు ఎక్కి చూస్తే, చిమ్నీ టోపీకి ఉన్న జాలీ క్రియోసోట్‌తో, అంటే పొగ నుంచి పేరుకునే తారులాంటి మసితో, మూసుకుపోయి ఉంది. ఎండినవని చెప్పి మాకు అమ్మిన కట్టెలు లోపల పచ్చిగా ఉన్నాయి. పచ్చి కట్టె మండితే పొగలో తేమ ఎక్కువ, ఆ పొగ చల్లారిన చోటల్లా తారులా అంటుకుంటుంది. ఆయన జాలీ, పైపు అంతా గీకి శుభ్రం చేశాక మంట వేయించి, మా పూజగదిలోంచి ఒక అగరుబత్తి అడిగాడు. వెలిగించి అదే బీట దగ్గర పట్టుకున్నాడు. అగరుబత్తి పొగ గదిలోకి రాకుండా నేరుగా బీటలోకి పోయింది! డ్రాఫ్ట్, అంటే చిమ్నీ పొగను పైకి లాగే ఊపు, బాగుంటే అతుకులోంచి గది గాలి లోపలికి వెళ్తుందే తప్ప పొగ బయటికి రాదన్నాడు. ఇన్నేళ్లలో ఈ స్టవ్ గురించి నేను నేర్చుకున్న వాటిలో ఇంత ఉపయోగపడింది మరొకటి లేదు.

అలాగని బీటల్ని వదిలేయకూడదు. వాటిలోంచి దూరే చల్లగాలి పైపులో పొగను చల్లబరుస్తుంది, క్రియోసోట్ ఇంకా పెరుగుతుంది. అందుకే ఇప్పుడు పైపైన మందంగా పులమకుండా, పైపు ముక్కను ఊడదీసి, పాతది గీకేసి, ఒకదాంట్లో ఒకటి దూరే చోట పల్చగా పూస్తున్నాను. అతుకుకి మూడు స్క్రూలు తప్పనిసరి, బరువు వాటి మీదే ఉండాలి. ఇలా చేశాక పెచ్చులు బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు. చీపురుపుల్ల దూరేంత సందుంటే మాత్రం సిమెంట్ వద్దు, ఆ పైపు ముక్కే మార్చేయండి.

శీతాకాలమంతా ఆరకుండా మంట పెట్టేవాళ్లకి ఇన్ని బీటలు రాకపోవచ్చు, వాళ్ల పైపు మాదానిలా రోజూ చల్లారదు. మా వాడకానికైతే కాలర్ వరకు నిస్సందేహంగా మళ్లీ ఇదే కొంటాను. ఎల్బోకి అంతకంటే మంచిది దొరికేదాకా ఇదే.