నెల్లూరులో పాత కారుకి ‘కొత్త డైనమో’ కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

మాది 2007 మోడల్ మారుతి 800. నాన్న ముచ్చటపడి కొన్న బండి. రెండు నెలల కిందట ఒంగోలులో పెళ్లి చూసుకుని రాత్రిపూట నెల్లూరు వస్తుంటే, సింగరాయకొండ దాటాక హెడ్‌లైట్ల వెలుగు తగ్గిపోయింది. హారన్ కొడితే మూలుగులాగా వచ్చింది. అంతకు వారం ముందు నుంచే బ్యాటరీ గుర్తు ఎర్రగా, మసక మసగ్గా వెలుగుతోంది. దాన్ని పట్టించుకోకపోవడం నా తప్పే. వెనక సీట్లో అమ్మ, పాప. ఫ్యాన్ ఆపేసి, ముందు పోయే లారీ వెలుగు చూసుకుంటూ కావలి, కోవూరు మీదుగా ఎలాగో ఇల్లు చేరాం. తెల్లారి సెల్ఫ్ కొడితే టిక్కుమంది, అంతే.

ఊళ్లోనే ఒక షాపుకి తోయించుకుపోయాను. మీటరు పెట్టకుండానే బ్యాటరీ పోయిందన్నాడు. 3,800 పెట్టి కొత్తది వేయించాను. నాలుగో రోజుకి మళ్లీ అదే కథ. ఈసారి ఇంజిన్ నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ పీకాడు. బండి ఆగిపోయింది. “చూశారా సార్, డైనమో అయిపోయింది” అన్నాడు. ఇంజిన్ నడుస్తుంటే కరెంటు తయారుచేసి బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కించేది ఈ డైనమోనే (ఆల్టర్నేటర్). కొత్తదని చెప్పి 6,500 తీసుకున్నాడు. మా పాత డైనమో అడిగితే “స్క్రాప్‌లో వేసేశాం సార్” అన్నాడు.

ఇరవై రోజులు కూడా గడవలేదు, ఎర్ర లైటు మళ్లీ వచ్చింది. మా బావ చెబితే కావలిలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన మొదట మీటరు తీశాడు. ఇంజిన్ ఆపి చూస్తే 11.9 వోల్టులు. నిండా ఛార్జింగ్ ఉన్న బ్యాటరీ 12.6 దాకా చూపించాలి. స్టార్ట్ చేసి చూస్తే 12 కూడా దాటలేదు. డైనమో సరిగ్గా పనిచేస్తుంటే అక్కడ 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. డైనమోని తిప్పే ఫ్యాన్ బెల్టు నొక్కి చూశాడు, బిగువుగానే ఉంది.

డైనమో విప్పి బల్ల మీద పెట్టి, స్క్రూడ్రైవర్ మొనతో వెండిరంగు పెయింటు కొంచెం గీకాడు. కింద నల్లటి ఆయిలు మడ్డి గట్టిపడి ఉంది. ఇంకొంచెం గీకితే ఎవరో మేకుతో చెక్కిన నాలుగంకెలు బయటపడ్డాయి, ఏదో బండి నంబరు. లోపల కార్బన్ బ్రష్‌లు గోరు మందం కూడా లేవు, స్ప్రింగు ఆనడానికే ఏమీ మిగల్లేదు. వాటికి ఆనుకుని తిరిగే రాగి రింగుల మీద వేలు పెడితే గాడి తగిలింది. “నాయనా, ఈ బ్రష్‌ల ద్వారానే లోపలి కాయిల్‌కి కరెంటు పోవాల. అవి ఆనకపోతే కొత్త బ్యాటరీ ఏం చేస్తది, ఉన్న ఛార్జింగ్ కాస్తా ఖర్చయి కూర్చుంటది” అన్నాడు.

రింగులు సాపు చేసి, బ్రష్‌లు, బేరింగు మార్చినందుకు 900 అయింది. ఇప్పుడు లైట్లన్నీ వేసినా 14 చూపిస్తోంది. మా పాత డైనమోకి కూడా ఇంతటి పనే అయ్యుండొచ్చు. కానీ ఇప్పుడు దాన్ని చూపిద్దామన్నా లేదు.

అందుకే చెబుతున్నాను. బ్యాటరీకి గానీ డైనమోకి గానీ డబ్బులు తీసే ముందు, ఇంజిన్ ఆపి ఒకసారి, నడిపి ఒకసారి మీ కళ్లముందు మీటరు పెట్టించండి. తాళం తిప్పగానే బ్యాటరీ గుర్తు వెలగాలి, స్టార్ట్ అవగానే పూర్తిగా ఆరాలి. మసగ్గా వెలిగినా సరే, ఆ వారమే చూపించండి. నడుస్తున్న బండిలో టెర్మినల్ పీకనివ్వకండి. వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి డైనమోలో కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్లు పోవచ్చు, ఎంపీఎఫ్ఐ (కంప్యూటరు లెక్కతో పెట్రోలు పంపే) బండైతే ఆ కంప్యూటరే పోవచ్చు. ముందు కార్బన్ బ్రష్‌లు చూడమనండి. కొత్తదంటే డబ్బా సీలు మీ ముందే విప్పాలి, పెయింటు మీద నమ్మకం పెట్టుకోవద్దు. పాత సామాను మీదే, విప్పగానే డిక్కీలో వేయించుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం బిల్లు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసులకి ఫీజు కూడా లేదు. కానీ నా చేతిలో ఉన్నది షాపు పేరు, తేదీ ఏమీ లేని ఒక తెల్లకాగితం. దాని మీద పెన్సిల్‌తో రాసింది ఒక్కటే: డైనమో 1, 6,500.