బోర్గ్ మౌంట్: నాలుగేళ్లు వాడాక, ఒక 20వ తారీకు గురించి

బోర్గ్ అనే బ్యాకప్ టూల్ ఎలా పనిచేస్తుంది, డీడూప్లికేషన్ (ఒకే డేటాని రెండుసార్లు దాచకపోవడం) ఏంటి, ఎన్‌క్రిప్షన్ ఏంటి అన్నవి ఇక్కడ రాయట్లేదు, మెయిల్ సర్వర్ నడిపేవాళ్లకి అవి తెలిసినవే. నేను రాసేది ఒక్క ‘బోర్గ్ మౌంట్’ గురించే, అంటే పాత బ్యాకప్‌ని ఫోల్డర్‌లా తెరిచి చూపించే కమాండ్ గురించి. విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసుకి నాలుగేళ్లుగా మెయిల్ సర్వర్ చూస్తున్నాను. డెబియన్ లినక్స్ మీద పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపేది, అందుకునేది), డవ్‌కాట్ (మెయిల్‌బాక్సులు తెరిచి చూపించేది), ఓ 40 మెయిల్‌బాక్సులు, అన్నీ మెయిల్‌డిర్‌లోనే, అంటే ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలు. రోజూ రాత్రి 2 గంటలకి బ్యాకప్.

దీంతో ప్రేమలో పడింది మొదటి ఏడాదే. అకౌంట్స్ మేడమ్ ఫోన్‌లో వేలు జారి ఒక క్లయింటు ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసేశారు. మూడు రోజుల కిందటి బ్యాకప్‌ని మౌంట్ చేస్తే అదేదో పెన్‌డ్రైవ్ పెట్టినట్టు మామూలు ఫోల్డర్‌లా తెరుచుకుంది. చూడొచ్చు, కాపీ చేసుకోవచ్చు, పాడు చేద్దామన్నా కుదరదు. ఆ ఒక్క ఫోల్డర్ లాగి ఇచ్చేశాను, సర్వర్ ఆపలేదు, పక్క సీటు వాళ్లకి కూడా తెలియలేదు. ఆ తర్వాత కనపడ్డ ప్రతివాడికీ చెప్పాను, రిస్టోర్ టెస్ట్ (బ్యాకప్ నుంచి వెనక్కి తేగలమా అని చూడటం) అంటే ఇంత సుఖంగా ఉండాలి అని. నెలకోసారి మౌంట్ చేసి నాలుగు మెయిల్స్ తెరిచి చూసి నోట్‌బుక్‌లో ‘రిస్టోర్ ఓకే’ అని రాసుకునేవాణ్ని.

ఆ ‘ఓకే’లు ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. మెయిల్ చదవగలుగుతున్నాను సరే, రేపు డిస్క్ పోతే సర్వర్ మళ్లీ లేస్తుందా అన్నది అందులో ఎక్కడా తేలదు. సరే అని ఒక రోజు వర్చువల్ మెషిన్‌లో, అంటే కంప్యూటర్ లోపల నడిచే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌లో, బ్యాకప్ మొత్తం దింపాను. (బోర్గ్ ఎక్స్‌ట్రాక్ట్, అంటే బ్యాకప్‌లోంచి ఫైళ్లు దింపే కమాండ్, మనం ఏ ఫోల్డర్‌లో నిలబడి ఉంటే అక్కడే దింపుతుంది. లైవ్ సర్వర్ రూట్‌లో, అంటే అన్నిటికంటే పై ఫోల్డర్‌లో, నిలబడి కొడితే ఇవాళ్టి ఫైళ్ల మీద నిన్నటివి పడతాయి. అందుకే దాన్ని లైవ్ మెషిన్‌లో అసలు కొట్టను.) లైవ్‌తో కొట్టుకోకుండా ఐపీ మార్చాను, పోస్ట్‌ఫిక్స్ క్యూ ఖాళీ చేశాను, ఎందుకంటే బ్యాకప్ నాటికి ఆగి ఉన్న మెయిల్స్ టెస్ట్ మెషిన్ లేవగానే ఇంకోసారి జనానికి వెళ్లిపోతాయి. ఇంత ఆలోచించానని నాకు నేనే మెచ్చుకుని, సర్వర్ లేచి లాగిన్ కూడా అయ్యేసరికి టీకి వెళ్లాను.

ఆ రోజు 20వ తారీకు. జీఎస్టీఆర్-3బి, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్న్ వేయడానికి ఆఖరి రోజు.

పదకొండింటికి మేడమ్ ఫోన్: “బిల్లులు పంపామంటున్నారండీ, నాకు రాలేదు.” ఇంకొకాయనకి ఒకటి వచ్చింది, రెండోది రాలేదు. మొత్తం ఆగిపోతే ఎక్కడ చూడాలో తెలిసేది, కొన్ని వచ్చి కొన్ని రాకపోవడంతో గంటన్నర స్పామ్ ఫోల్డర్లూ సర్వర్ లాగ్ ఫైళ్లూ తిరగేశాను. లైవ్ సర్వర్ లాగ్‌లో ఆ మెయిల్స్ జాడే లేదు. చివరికి టెస్ట్ మెషిన్‌లో మెయిల్స్ లెక్కపెడితే రాత్రి బ్యాకప్ కంటే ఎక్కువున్నాయి. రాత్రి రెండింటి దగ్గర ఆగిపోవాల్సిన సర్వర్‌కి పొద్దున మెయిల్స్ ఎక్కడివి?

ఫెచ్‌మెయిల్. ఆఫీసుకి బయట ఇంకోచోట ఒక పాత అడ్రసు ఉంది, పాత క్లయింట్లు ఇప్పటికీ దానికే పంపుతారు. ఫెచ్‌మెయిల్ ఐదు నిమిషాలకోసారి వెళ్లి వాటిని లాక్కొస్తుంది, ‘కీప్’ అని చెప్పకపోతే తెచ్చాక అక్కడ చెరిపేస్తుంది. నేను చెప్పలేదు. బ్యాకప్‌తో పాటు దాని సెట్టింగు, పాస్‌వర్డు అన్నీ వచ్చాయి కాబట్టి కొత్త మెషిన్‌లోనూ అది లేచి పని మొదలెట్టింది. ఒకే పెట్టెకి ఇద్దరు, ఎవరు ముందెళితే వాళ్లకి. బయటికి పోయేవాటికి తలుపేశాను, లోపలికి లాక్కునేది ఒకటుందని గుర్తే లేదు.

23 మెయిల్స్. వాటికి మా వైపు ఆ టెస్ట్ మెషిన్ తప్ప ఇంకెక్కడా కాపీ లేదు, కంగారులో దాన్ని డిలీట్ కొట్టి ఉంటే కొంప మునిగేది. నెట్‌వర్క్ పీకేసి, ఆ ఫైళ్లని లైవ్‌లో ఎవరి ‘న్యూ’ ఫోల్డర్‌లోకి వాళ్లవి వేసి ఓనర్‌షిప్ సరిచేస్తే డవ్‌కాట్ మామూలు కొత్త మెయిల్స్‌లాగే చూపించింది. ఆడిటర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. “20వ తారీకున టెస్టులేంటి బాబూ” అన్నారు, అంతే. ఇంకోటి, ఆ మెషిన్‌ని రాత్రి దాకా ఉంచి ఉంటే 2 గంటలకి అది కూడా అదే రిపాజిటరీకి (అసలు బ్యాకప్‌లు దాచే చోటుకి) బ్యాకప్ తీసేది. తల్చుకుంటే ఇప్పటికీ టెన్షనే.

ఇప్పుడు టెస్ట్ మెషిన్‌ని బయటికి దారే లేని నెట్‌వర్క్‌లో పెట్టి, స్టార్ట్ చేయకముందే ఫెచ్‌మెయిల్, క్రాన్ (టైముకి పనులు నడిపేది) మాస్క్ చేసి, అంటే వాటంతటవి లేవకుండా కట్టేసి, అప్పుడే లేపుతున్నాను. బ్యాకప్ తెరిచే పాస్‌ఫ్రేజ్ కూడా లైవ్ సర్వర్ నుంచి తీసుకోను, కాగితం మీద రాసి పెట్టుకున్నదే టైప్ చేస్తాను, అదీ టెస్టులో భాగమే.

మౌంట్‌ని పొగిడినదాంట్లో కొంచెం తగ్గించుకోవాలి. లక్షల చిన్న ఫైళ్లున్న మెయిల్‌డిర్‌లో మొదటిసారి తెరవడం నత్తనడకే. మౌంట్ చేసి ఉమౌంట్ (మూసేయడం) మర్చిపోతే రిపాజిటరీ లాక్‌లోనే ఉండి ఆ రాత్రి బ్యాకప్ జరగదు, నాకు రెండుసార్లు అయింది. డవ్‌కాట్ యూఐడీ లిస్టు (ఏ మెయిల్‌కి ఏ నంబరో రాసి ఉంచే ఫైలు) వదిలేసి ఉత్త మెయిల్స్ మాత్రం వెనక్కి పెడితే ఫోన్లన్నీ ఆ ఫోల్డర్‌ని మొదటి నుంచీ మళ్లీ డౌన్‌లోడ్ చేస్తాయి.

అయినా నేను మారను. 40 మంది ఆఫీసు, నేనొక్కణ్నే, ఖర్చు పెట్టేవాళ్లు లేరు, పోయిన ఒక్క మెయిల్ వెతకమనే ఫోన్లే ఎక్కువ, దానికిది బంగారం. వందల మెయిల్‌బాక్సులు, ఒక్క గంట ఆగినా కుదరని చోట్ల ఎలా ఉంటుందో నా అనుభవంలో లేదు. నా వరకు పూర్తి టెస్టు మూడు నెలలకోసారి, నెల మొదటి ఆదివారం, ఆఫీసు తాళం వేసున్నప్పుడు.