హావ్‌లాక్‌లో స్కూటీ అద్దెకి తీసుకునే ముందు ఇది చదవండి

మొన్న డిసెంబర్లో నేనూ మా ఆయనా అండమాన్ వెళ్ళాం. అక్కడి హావ్‌లాక్ దీవి పేరు 2018లోనే స్వరాజ్ ద్వీప్ అని మార్చారు గానీ జెట్టీ దగ్గర అందరూ హావ్‌లాక్ అనే అంటున్నారు. అక్కణ్ణించి రాధానగర్ బీచ్ దాదాపు 12 కిలోమీటర్లు, బస్సుంది, ఆటోలున్నాయి, కానీ మన టైమ్‌కి తిరగాలంటే స్కూటీనే హాయి.

ముందు అడిగిన షాపులో తక్కువకే ఇస్తామన్నారు, తీరా చూస్తే వెనక టైరు నున్నగా అరిగిపోయి ఉంది, ముందు బ్రేక్ నొక్కితే లివర్ వచ్చి హ్యాండిల్‌కి తగులుతోంది, పైగా తెల్ల నంబర్ ప్లేటు. అద్దె బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి, లేకపోతే యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ళు కాదనొచ్చు. వద్దని వచ్చేశాం.

పక్క సందులో ఇంకో షాపు, ఓనర్ మన శ్రీకాకుళం ఆయన, మేం తెలుగులో మాట్లాడుకోవడం విని "ఎక్కడమ్మా మీది" అని పలకరించారు. బ్రేక్ కాస్త లూజుగా ఉందన్నానో లేదో స్పానర్ తెచ్చి అక్కడికక్కడే కేబుల్ బిగించి, నన్ను ఒక రౌండ్ కొట్టి రమ్మని, అప్పుడు గానీ డబ్బులు తీసుకోలేదు. రోజుకి 500. బండి మీదున్న గీతలన్నీ వీడియో తీసుకోమని ఆయనే చెప్పారు. పెట్రోల్ మాత్రం మనమే కొట్టించుకోవాలి.

ఆయన గట్టిగా చెప్పింది ఒక్కటే, "సన్‌సెట్ అవగానే బయల్దేరిపోండమ్మా, ఉండిపోవద్దు" అని. అక్కడ డిసెంబర్లో 5 గంటలకే సూర్యుడు దిగిపోతాడు, మనకి అలవాటు లేదు కదా, ఇంకా టైముందిలే అనుకుంటాం. మేం ఫొటోల్లో పడి అరగంట ఆలస్యం చేశాం, తిరుగు దారంతా అడవి, మలుపులు, లైట్లు లేవు, ఒక మలుపు తిరగ్గానే రోడ్డుకి అడ్డంగా ఆవు పడుకునుంది. ఆ బ్రేక్ పట్టింది కాబట్టి ఆగాం. దీవిలో ఉన్నది చిన్న ఆస్పత్రే, పెద్ద దెబ్బయితే సముద్రం దాటి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) వెళ్ళాల్సిందే, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

5కి 4 ఇస్తున్నా. వెనక కూర్చునేవాళ్ళ హెల్మెట్ బకిల్ సరిగ్గా పడట్లేదు, మార్చి ఇచ్చిందీ వదులుగానే ఉంది, బండి అంత బాగా చూసుకునే మనిషి హెల్మెట్లు కూడా కొత్తవి కొంటే బాగుంటుంది. తిరిగిచ్చేటప్పుడు ఈ మాటే చెప్పొచ్చాను.