ప్లుటోనియం దొరుకుతుంది, యురేనియం దొరకదు: పోర్టల్ డిటెక్టర్‌తో నా అనుభవం

అమెరికా తూర్పు తీరంలో ఒక రేవు. దిగుమతి కంటైనర్లు బయటికెళ్లే గేటు దగ్గర నా ఉద్యోగం. లారీ నెమ్మదిగా దాటిపోయే ఆ రెండు పసుపు స్తంభాలే పోర్టల్, అంటే రేడియేషన్‌ను పసిగట్టే డిటెక్టర్. గామా కిరణాల కోసం లోపల ప్లాస్టిక్ పలకలు ఉంటాయి, న్యూట్రాన్ల కోసం హీలియం-3 గొట్టాలు ఉంటాయి. ఏళ్ల తరబడి వాడాక నా మాట ఇది: దాచిన ప్లుటోనియాన్ని పట్టుకుంటుందని నమ్ముతాను. సీసంలో చుట్టిన యురేనియాన్ని పట్టుకుంటుందని నమ్మను.

బాంబుకు వాడే ప్లుటోనియం కిలో ఉంటే చాలు, సెకనుకు యాభై వేలకు పైగా న్యూట్రాన్లు వస్తాయి. సీసం వాటిని పెద్దగా ఆపలేదు. మందపాటి ప్లాస్టిక్కో, నీళ్లో కావాలి. మా గేటులో న్యూట్రాన్ అలారం మోగేది చాలా అరుదు. మోగితే మాత్రం అందరం పరుగెత్తాల్సిందే. చివరికి అది రోడ్డు పనుల్లో మట్టి తేమను కొలిచే పరికరం కావచ్చు. ఒక్కోసారి భారీ ఇనుము లోడుకు కూడా మోగుతుంది, ఎందుకంటే కాస్మిక్ కిరణాలు ఇనుమును తాకి న్యూట్రాన్లు పుట్టిస్తాయి.

యురేనియం కథ వేరు. బాంబుకు వాడేలా బాగా శుద్ధి చేసిన (ఎన్‌రిచ్డ్) యురేనియం నుంచి న్యూట్రాన్లు దాదాపు రావు. దాన్ని పట్టించే ముఖ్యమైన గామా కిరణం శక్తి 186 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే. సెంటీమీటరు మందం సీసం అడ్డుపెడితే ఆ కిరణాల్లో లక్షకు ఒకటి కూడా బయటికి రాదు. పైగా లారీ స్తంభాల మధ్యకు రాగానే నేల నుంచి వచ్చే రేడియేషన్‌కు అదే అడ్డుపడి రీడింగ్ పడిపోతుంది. ఉన్న కొద్దిపాటి సంకేతం కూడా ఆ తగ్గుదలలో కలిసిపోతుంది.

2002లో అమెరికా టీవీ చానెల్ ఏబీసీ న్యూస్ వాళ్లు 6.8 కిలోల డిప్లీటెడ్ యురేనియాన్ని (బాంబుకు పనికొచ్చే భాగం చాలావరకు తీసేసినదాన్ని) సీసం పొరలో పెట్టి ఇస్తాంబుల్ నుంచి న్యూయార్క్‌కు కంటైనర్‌లో పంపారు. ఎవరూ ఆపలేదు. అప్పటికి ఇన్ని పోర్టళ్లు లేవు, నిజమే. కానీ పోర్టళ్లు పెట్టినంత మాత్రాన సీసం గుణం మారదు కదా.

రోజూ మోగే అలారాలు దాదాపు అన్నీ సహజంగానే కొద్దిగా రేడియేషన్ ఉండే టైల్స్, గ్రానైట్, పొటాష్ ఎరువు, పెంపుడు పిల్లుల మలమూత్రాల కోసం వాడే మట్టి, వీటివే. ప్లాస్టిక్ పలకలు రేడియేషన్ ఎంతో చెబుతాయి గానీ ఏ పదార్థానిదో చెప్పలేవు. అందుకే సోడియం అయొడైడ్ స్ఫటికం ఉన్న చేతి పరికరంతో మళ్లీ చూస్తాం. 1460 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర శిఖరం కనిపిస్తే పొటాషియం, లారీని పంపేయొచ్చు. చలికాలంలో ఈ స్ఫటికం రీడింగులు పక్కకు జరిగిపోతాయి, కాబట్టి షిఫ్ట్ మొదట్లోనే సరిచూసుకోవాలి. జర్మేనియం డిటెక్టర్ దీనికన్నా ఎంతో మెరుగు. కానీ బరువు, పైగా వాడేముందు చల్లబడడానికి గంటలు పడుతుంది.

థైరాయిడ్‌కు రేడియోధార్మిక అయొడిన్ చికిత్స చేయించుకున్న డ్రైవర్లకూ అలారం మోగుతుంది. వాళ్ల దగ్గర మర్యాదగా, పక్కకు పిలిచి మాట్లాడాలి. జబ్బు సంగతి పదిమందిలో అడగకూడదు. కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట నేర్పేది ఇదే.

నిజమైన అణ్వాయుధం మీద ఇలాంటి డిటెక్టర్ల పరీక్ష జరగలేదా అంటే జరిగింది. 1989లో నల్ల సముద్ర తీరంలోని యాల్టా దగ్గర, సోవియట్ యుద్ధనౌక స్లావా మీద. క్షిపణి గొట్టం పైనే పెట్టిన అమెరికా జర్మేనియం డిటెక్టర్ లోపలి వార్‌హెడ్‌ను గుర్తించింది. సోవియట్ హెలికాప్టర్ పదుల మీటర్ల దూరం నుంచి న్యూట్రాన్లను పట్టింది. అక్కడ ఎవరూ దాన్ని సీసంలో దాచలేదు.

అందుకే పోర్టల్ పక్కన ఎక్స్‌రే ఉండి తీరాలి. సీసం రేడియేషన్‌ను దాచగలదు గానీ ఎక్స్‌రే బొమ్మలో తనను తాను దాచుకోలేదు, నల్లటి దిమ్మలా కనిపిస్తుంది. విదేశీ రేవుల్లో ఓడ ఎక్కకముందే ప్రతి కంటైనర్‌కూ ఈ రెండూ చేయాలని 2007లోనే అమెరికాలో చట్టం వచ్చింది. గడువు 2012 జులై. ఆ గడువు పొడిగిస్తూనే వచ్చారు. పరికరం మీద నాకు కోపం లేదు, ఈ వాయిదాల మీదే ఉంది.