జబ్బు పేరుతో వైద్యుణ్ణి వెతకడం: ఆర్ఫానెట్ వాడిన అనుభవం

మా మేనల్లుడి చేతిరాత పదహారో ఏట చెడిపోవడం మొదలైంది. అప్పటిదాకా గుండ్రంగా ఉండే అక్షరాలు నోటుపుస్తకంలో పుట పుటకూ చిన్నవైపోయి, చివరికి గీత మీద నిలవడం మానేశాయి. కొన్ని నెలలకు మాట ముద్దగా రావడం, చెయ్యి వణకడం కూడా తోడయ్యాయి. ముందు పరీక్షల ఒత్తిడి అన్నారు, తరవాత నరాల బలహీనత అన్నారు. ఒక కంటి వైద్యురాలు కంటిని పెద్దదిగా చేసి చూపే స్లిట్ ల్యాంప్ కింద చూసి, కార్నియా (కంటి ముందరి పారదర్శకమైన పొర) అంచున ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు వలయాన్ని గుర్తించి, రక్తంలో రాగిని మోసే ప్రోటీన్ అయిన సెరులోప్లాస్మిన్, 24 గంటల మూత్రంలో రాగి ఎంత ఉన్నాయో చూడమని రాసిచ్చాక గానీ విల్సన్ వ్యాధి అన్న పేరు మా చెవిన పడలేదు.

పేరు తెలిశాక అసలు చిక్కు మొదలైంది. ఏటీపీ7బీ అనే జన్యువులో లోపం వల్ల కాలేయం రాగిని పైత్యరసంలోకి పంపలేదు. ఆ రాగి కాలేయంలోనూ మెదడులోనూ కంట్లోనూ పేరుకుంటుంది. అటువంటప్పుడు వెళ్లవలసింది కాలేయ వైద్యుడి దగ్గరికా, నరాల వైద్యుడి దగ్గరికా? అపాయింట్‌మెంట్లు ఇప్పించే యాప్ ఒకటి తెరిస్తే అది మొట్టమొదట అడిగింది ఆ ప్రశ్నే, కాబట్టి ముందుకు సాగలేదు. పైగా అయిదు నక్షత్రాలున్న నరాల వైద్యుడు ఈ జబ్బును ఒక్కసారైనా చూశాడో లేదో ఆ నక్షత్రాలు చెప్పవు. వాటిని ఇచ్చినవారిలో చాలామంది తలనొప్పితో వెళ్లినవారే అయి ఉంటారు.

ఆర్ఫానెట్ ఇందుకు తలకిందులుగా పనిచేస్తుంది, నాకు నచ్చిందీ అదే. ఫ్రాన్సులోని ఇన్‌సెర్మ్ అనే వైద్య పరిశోధన సంస్థ 1997లో మొదలుపెట్టిన ఈ ఉచిత సేవలో వెతుకులాట జబ్బు పేరుతోనే మొదలవుతుంది, ప్రతి అరుదైన జబ్బుకూ ఒక అంకె ఉంటుంది. విల్సన్ వ్యాధి అంకె 905. చూడడానికి చిన్న విషయమే గానీ, మామూలుగా వెతికితే థైరాయిడ్‌కు ముడిపెట్టి చెప్పే, వైద్యశాస్త్రం ఆమోదించని ‘విల్సన్ సిండ్రోమ్’ కూడా ఎదురై మనిషిని దారి తప్పిస్తుంది. అంకెతో వెతికినప్పుడు ఆ గందరగోళం ఉండదు. ఆ పేజీ నుంచి నిపుణ కేంద్రాల జాబితాకు వెళితే, పెద్దలకు చూసేవి ఏవో, పిల్లలకు చూసేవి ఏవో, చికిత్స చేసేవి ఏవో, జన్యు సలహా ఇచ్చేవి ఏవో వేరు చేసుకోవచ్చు. 2017లో ఐరోపాలో మొదలైన 24 రిఫరెన్స్ నెట్‌వర్కులలో (అరుదైన జబ్బుల నిపుణ ఆసుపత్రులను దేశాలకతీతంగా కలిపే బృందాలలో) చేరిన కేంద్రాలకు గుర్తు కూడా ఉంటుంది.

లోపాలు లేవని కాదు. ఐరోపా భాషలే తప్ప తెలుగు లేదు. వివరణలు వైద్యుల కోసం రాసినట్టు బిగువుగా ఉంటాయి. ఫీజు ఎంతో, ఎన్నాళ్లు ఆగాలో తెలియదు. అన్నిటికంటే ముఖ్యం, ఈ వ్యవస్థలో భాగం కాని దేశాల కేంద్రాలు జాబితాలో దొరకవు. అయినా అక్కడితో మూసేయకూడదని నా అభిప్రాయం. జాబితాలోని కేంద్రాల పేర్లతో, వైద్య పరిశోధన వ్యాసాలను వెతికిపెట్టే పబ్‌మెడ్‌లో వెతికి, ఈ జబ్బు మీద వారు రాసిన వ్యాసాలు తీసి, వాటిలో సహరచయితలుగా మనకు అందుబాటులో ఉన్నవారెవరైనా ఉన్నారేమో చూశాను. అలా దొరికిన నలుగురికి ఒకే పుటలో 905 అన్న అంకె, పరీక్షా ఫలితాలు, వాడుతున్న మందులు రాసి, చివర ఒక్క ప్రశ్న అడిగాను: ‘మీరు చూడలేకపోతే ఎవరు చూడగలరు?’ ఇద్దరు జవాబిచ్చారు. అందులో ఒకరు మూడంటే మూడు వాక్యాలలో, రాగి సంబంధిత జబ్బులకే వారంలో ఒక రోజు కేటాయించిన కాలేయ వైద్యుడి పేరు రాశారు. ఆ ప్రశ్న రాయకపోతే ఆ పేరు మాకు దొరికేది కాదు.

కలవడానికి వెళ్లేముందు జన్యు జబ్బుల గురించి నిపుణులు రాసే ఇంటర్నెట్ గ్రంథం జీన్‌రివ్యూస్‌లో ఈ జబ్బు అధ్యాయం చదవడం మేలు, అదీ ఉచితమే. దూరంగా ఉండవలసిన వాటి గురించీ, ప్రమాదం ఉన్న బంధువుల పరీక్ష గురించీ అందులో విడిగా రాసి ఉంటుంది. నేను మొదటి భాగం చదివి రెండోది వదిలేశాను.

ఆ వైద్యుడు ఫైలు తెరవకముందే, ‘ఈ అబ్బాయికి తోబుట్టువులున్నారా?’ అని అడిగాడు. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే ఈ జబ్బు వస్తుంది కాబట్టి, వాడి చెల్లెలికి 25 శాతం అవకాశం ఉందని అప్పటిదాకా మాకెవరూ చెప్పలేదు. ఆ పిల్లకు మరుసటి వారమే పరీక్షలు చేయించాం. చేతిరాత ముత్యాల్లా ఉండగానే ఆమెకు రాగి ఒంటికి పట్టకుండా అడ్డుకునే జింక్ మాత్రలు మొదలయ్యాయి.