మంచు ఊరి క్రిస్మస్ ప్రేమకథ అంటూ అమ్ముతున్న పుస్తకం: కొనేవారికి హెచ్చరిక

డిసెంబరులో ఆన్‌లైన్‌లో నవలలు తెప్పించుకునే హైదరాబాదు పాఠకులకు, ముఖ్యంగా పండుగ కానుకగా పుస్తకం ఇద్దామనుకునే వారికి ఈ హెచ్చరిక. మంచు కప్పేసిన మారుమూల ఊరిలో క్రిస్మస్ రోజుల్లో సాగే ప్రేమకథ అని చెప్పి, చెక్క ఇల్లు, కిటికీలో దీపం, ఆకాశంలో పచ్చని ధ్రువకాంతులు ఉన్న అందమైన అట్టతో, "లండన్ ముద్రణ, దిగుమతి ప్రతి" అని రాసి ఒక ఇంగ్లిషు నవలను అమ్ముతున్నారు. మా అక్క కూతురికి ఇవ్వడానికి నేను దాన్ని తెప్పించాను. అది ఒక మనిషి కూర్చుని రాసిన నవల కాదనీ, యంత్రం పుట్టించిన పేరాలను వరసగా పేర్చి, ఎవరూ దిద్దకుండానే అచ్చువేసి పంపుతున్న సరుకనీ పుస్తకం పూర్తిగా చదివిన మీదట చెబుతున్నాను. అమ్మకందారు పేరు ఇక్కడ రాయడం లేదు. రాసినా ఉపయోగం తక్కువే, ఎందుకంటే ఆ పేరు అప్పుడే మారిపోయింది.

పార్సిలు విప్పగానే కాగితం అనుమానం కలిగించింది. నవలలకు వాడే కొంచెం పసుపు ఛాయ గల తేలికపాటి కాగితం కాదు, జిరాక్స్ సెంటర్లలో కనిపించే తెల్ల కాగితం. అక్షరాలు బైండింగు మడతలోకి చొచ్చుకుపోయాయి కనుక లోపలి అంచున ఉన్న మాటలు చదవాలంటే పుస్తకాన్ని విరిచినట్టు పట్టుకోవాలి, అలా పట్టుకుంటే వెన్ను దగ్గర జిగురు వదిలి పేజీలు చేతికి వస్తాయి. శీర్షిక పేజీ వెనుక ఉండవలసిన ప్రచురణ వివరాల చోట "సర్వహక్కులు రచయితవి" అన్న ఒక్క పంక్తి తప్ప, ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరంలో ప్రచురించారన్న ముక్క లేదు. వెనుక అట్ట మీద ఐఎస్‌బీఎన్ (ప్రతి పుస్తకాన్నీ విడిగా గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) అని 13 అంకెలు వేశారు కానీ, 978 తర్వాత వచ్చే 93 మన దేశపు పుస్తకాలకు కేటాయించినది. లండన్‌లో ప్రచురితమైన ఇంగ్లిషు నవల అయితే ఆ చోట సాధారణంగా 0 గానీ 1 గానీ ఉంటుంది. పోనీ ఆ సంఖ్య అయినా సరైనదా అంటే అదీ కాదు. మొదటి అంకెను 1తో, రెండో అంకెను 3తో, మళ్లీ 1తో, 3తో అలా చివరిదాకా గుణించి కూడితే వచ్చే మొత్తం 10తో శేషం లేకుండా భాగింపబడాలి, ఇక్కడ శేషం మిగిలింది. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఈ సంఖ్యలను ఉచితంగానే ఇస్తుంది కాబట్టి, నిజాయతీగా పుస్తకం వేసేవారికి దొంగ సంఖ్య అచ్చువేసుకునే అవసరమే రాదు.

ఇక కథ. ఇది నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో, లాంగ్‌యర్‌బ్యేన్ అనే ఊరిలో జరుగుతుంది. 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, ఉత్తర ధ్రువానికి దాదాపు 1,300 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు అది. మంచుకూ ఏకాంతానికీ అంతకంటే తగిన చోటు దొరకదు కనుక ఎంపికను తప్పు పట్టలేం. అయితే మొదటి అధ్యాయంలోనే కథానాయిక డిసెంబరు 24 మధ్యాహ్నం "మెత్తని బంగారు ఎండలో" రైలు దిగుతుంది. ఆ దీవుల్లో ప్రయాణికుల రైలు లేదు సరికదా, ఒక ఊరి నుంచి మరొక ఊరికి రోడ్డు కూడా లేదు. చలికాలంలో మంచు మీద నడిచే స్కూటర్లే గతి. ఎండ సంగతి చెప్పనే అక్కర్లేదు: అక్కడ అక్టోబరు చివరిలో అస్తమించిన సూర్యుడు మళ్లీ ఫిబ్రవరి మధ్యలో గానీ పైకి రాడు, క్రిస్మస్ నాడు మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. ఈ పుస్తకంలో మాత్రం దాదాపు ప్రతి అధ్యాయం ఒక సూర్యాస్తమయంతో ముగుస్తుంది. కథానాయకుడు ఇంటి వెనుక ఉన్న దేవదారు అడవికి వెళ్లి పండుగ చెట్టు నరుక్కొస్తాడు. అసలు స్వాల్‌బార్డ్‌లో అడవే లేదు, నేలను కరుచుకుని పెరిగే విల్లో లాంటి పొట్టి మొక్కలు తప్ప చెట్టన్నది మొలవదు. ఒక రాత్రి ఇద్దరూ చేతులూపుకుంటూ ఊరి పొలిమేర దాటి షికారుకు వెళ్తారు. ధ్రువపు ఎలుగుబంట్లు తిరిగే ఆ చోట తుపాకీ వెంట లేకుండా అలా ఎవరూ బయలుదేరరు.

కల్పనలో ఆ మాత్రం స్వేచ్ఛ ఉండదా అని ఎవరైనా అడగవచ్చు. తప్పకుండా ఉంటుంది, ఊరి పేరు మార్చి రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు. కానీ అలాంటి చోట ప్రేమకథకు ప్రాణం పోసేదే ఆ చీకటి: వారాల తరబడి తెల్లవారని ఊరు, గాలివాన వల్ల రద్దయిన విమానం, ఒకే దీపం కింద ఇద్దరు కొత్త మనుషులు. పన్నెండు డిగ్రీలకే స్వెట్టర్లూ మంకీ క్యాపులూ వెతుక్కునే మనకు ఆ చలినీ చీకటినీ చూపించమనే కదా ఇలాంటి పుస్తకాలు కొనుక్కుంటాం. ఇందులో అవి రెండూ లేవు.

భూగోళం తప్పులు క్షమించినా, మొదట్లో నర్సుగా ఉన్న కథానాయిక సగం దాటేసరికి కారణమేమీ లేకుండా బేకరీ యజమానురాలు అవుతుంది. నాలుగో అధ్యాయంలో చనిపోయిందని చెప్పిన కథానాయకుడి భార్య పదకొండో అధ్యాయంలో ఫోన్ చేసి క్రిస్మస్ శుభాకాంక్షలు చెబుతుంది, అతడు కూడా ఏ ఆశ్చర్యమూ లేకుండా మాట్లాడి పెట్టేస్తాడు. పులుసు వండే పేరా అక్షరం పొల్లుపోకుండా మూడు చోట్ల ఉంది. వీటన్నిటినీ అజాగ్రత్త అని సరిపెట్టుకోవచ్చేమో గానీ, తొమ్మిదో అధ్యాయం చివర "మీరు కోరినట్టే ఈ సన్నివేశానికి మరికొంత భావోద్వేగం జోడించాను, ఇంకా మార్పులు కావాలా?" అన్న అర్థం వచ్చే వాక్యం కథలో భాగంగా అచ్చయి ఉంది. ఆ పేజీని అక్క కూతురే నాకు చూపించి పడీపడీ నవ్వింది.

మరి అమ్మకం పేజీలో ఈ పుస్తకానికి మంచి రేటింగు ఎలా వచ్చిందంటే, అక్కడ కొన్నవారి పేరుతో ఉన్న అభిప్రాయాలను తేదీలతో సహా చూడండి. అన్నీ ఒకే వారంలో వచ్చాయి, అన్నీ హాయిగా ఉందనే చెబుతాయి, ఒక్కదానిలోనూ ఒక పాత్ర పేరు గానీ సన్నివేశం గానీ ఉండదు. అమ్మకందారే కొనుగోలుదారుడి వేషంలో అభిప్రాయాలు రాయడాన్ని 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనలు నిషేధించాయి.

డబ్బు వెనక్కి అడిగితే "కథ నచ్చకపోవడం లోపం కాదు" అని జవాబిచ్చారు. నచ్చకపోవడం వేరు, ప్రకటనలో చెప్పిన లక్షణాలు సరుకులో లేకపోవడం వేరు. రెండోది జరిగినప్పుడు అమ్మకందారు వస్తువును వెనక్కి తీసుకోనని అనడానికి అవే నిబంధనలు ఒప్పుకోవు. నేను కథ జోలికి పోకుండా "దిగుమతి ప్రతి" అన్న మాటనూ, చెల్లని ఐఎస్‌బీఎన్‌నూ మాత్రమే ఫిర్యాదులో పెట్టాను. అమ్మకం జరిగిన వెబ్‌సైటు వారి గ్రీవెన్స్ అధికారి, అంటే ఫిర్యాదులు చూసే అధికారి, 48 గంటల్లోగా ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అటు నుంచి ఉలుకూ పలుకూ లేకపోవడంతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను, ఆ తర్వాతే డబ్బు ఖాతాలో పడింది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు అయితే అక్కడ ఫిర్యాదుకు రుసుము ఉండదు.

ఆన్‌లైన్‌లోనే కొనక తప్పదనుకుంటే, శీర్షిక పేజీ వెనుక వైపు ఫోటో పంపమని అమ్మకందారును ముందే అడగండి. పంపనివారి దగ్గర కొనకండి. వీలున్నవారు కోఠిలోనో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో, చలికాలంలో జరిగే పుస్తక ప్రదర్శనలోనో చేత్తో పట్టుకుని, మధ్యలో రెండు పేజీలు చదివి కొనుక్కోవచ్చు. ఫుట్‌పాత్ మీద దొంగ ముద్రణలు లేవని అనను, అవీ నేరమే. కాకపోతే అందులోని కథనైనా ఎవరో ఒక మనిషి రాసి ఉంటాడు.

ఇప్పుడు అదే పుస్తకం వేరే పేరుతో, వేరే రచయిత పేరుతో, అట్ట మీద ఇంటి రంగు మాత్రం మార్చి మళ్లీ అమ్మకానికి వచ్చింది. పరిచయ వాక్యాలు మక్కీకి మక్కీ అవే, ఊరు మాత్రం ఫిన్లాండ్‌లోని రోవనియెమి అయింది. అక్కడికి రైలు నిజంగానే వెళ్తుంది, అడవి ఉంది, డిసెంబరులోనూ కాసేపు పొద్దు కనిపిస్తుంది, కాబట్టి నేను పైన చెప్పిన తప్పులలో కొన్ని ఊరు మార్చడంతోనే సర్దుకున్నాయి. ఇప్పటికే ఆర్డరు పెట్టినవారు పార్సిలు విప్పేటప్పుడు వీడియో తీసుకుని, ప్రకటన పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకుని, వాపసు గడువు ముగియకముందే ఫిర్యాదు నమోదు చేయండి. గడువు దాటాక ఆ ప్రకటన పేజీ ఉంటుందన్న నమ్మకం లేదు, నేను కొన్నప్పటిది ఇప్పుడు తెరుచుకోవడం లేదు.